రాజధానిలో నేర్వవలసిన విద్య

బందరు రేవునకు 2008లో శంకుస్థాపనము జరిగినది. 2019లో మరల ప్రారంభోత్సవము జరిగినది. 2023 మే నెలలో మూడవ మారు పనులు మొదలుపెట్టబడినవి. పదునైదేండ్లలో ముగ్గురు ముఖ్యమంత్రుల చేతుల మీదుగా ఒకే తీరమున ఒకే ఉత్సవము నడిచినది. ఈ ముహూర్తముల నడుమ పట్టణపు పెద్దలు ఎన్ని వినతిపత్రములు సమర్పించిరో, ఎన్ని దీక్షలు సాగెనో పాఠకులకు మేము క్రొత్తగా చెప్పనక్కరలేదు. ఉత్సాహమునకు గాని త్యాగమునకు గాని మన సీమలో కొదువ యున్నదని ఎవరును అనజాలరు. కొదువ యున్నది వేరొక చోట. ప్రభుత్వ యంత్రము ఏ ఇరుసుపై తిరుగునో, ఏ వేళకు ఏ బల్లపై ఏ కాగితముండవలెనో ఎరిగినవారు మన పక్షమున లేరు. ఆ విద్య ఇంట కూర్చుండి వచ్చునది కాదు. అది రాజధానిలో పని చేయుచు నేర్వవలసిన విద్య. దానికై మన యువకులను, యువతులను ఏటేటా పంపవలెనని చెప్పుటయే నేటి మా ఉద్దేశము.

ఈ విద్యకు మన భాషలో స్థిరపడిన పేరు లేదు. పూర్వులు అర్జీ యనిరి, మహజరనిరి, రాయబారమనిరి. మేము విజ్ఞాపన విద్య యందుము. పైరవీ యనగా ఇదియే కదా యని కొందరు నవ్వవచ్చును. కాదు. పైరవీకాడు తలుపు వేసికొని మాటలాడును. ఒకని పనిని మరియొకని చెవిలో వేసి రుసుము పుచ్చుకొనును. విజ్ఞాపకుడు పదిమంది పనిని పదిమంది యెదుట పెట్టును. లెక్క చూపును. ప్రతిపక్షి చెప్పబోవు మాటను తానే ముందు చెప్పి దానికి సమాధానము వ్రాయును. తన కాగితము రేపు పత్రికలో అచ్చుపడినను తల వంచుకొననక్కరలేని విధముగ నడచుకొనును. మొదటి జాతివారు మనకు కావలసినంతమంది కలరు. రెండవ జాతివారిని వ్రేళ్లపై లెక్కింపవచ్చును.

కౌటిల్యుడు రాజశాసనముల రచనకు ఒక ప్రకరణమునే కేటాయించి, మంచి లేఖకు ఆరు గుణములు చెప్పినాడు: అర్థక్రమము, సంబంధము, పరిపూర్ణత, మాధుర్యము, ఔదార్యము, స్పష్టత్వము. ముఖ్యమైన సంగతి ముందు రావలెను, ముందు చెప్పినదానికి వెనుక చెప్పునది అడ్డు రాకూడదు, ప్రమాణములు చాలవలెను, వినుటకు ఇంపుగా, హుందాగా, తేటగా నుండవలెను. ఇది రాజు ప్రజలకు వ్రాయు లేఖను గూర్చిన మాట. ప్రజలు రాజునకు వ్రాయునప్పుడు ఈ గుణములు మరింత అవసరము గదా! మన సంఘములు మంత్రులకిచ్చు వినతిపత్రములను ఈ గీటురాతిపై పెట్టి చూచిన ఎన్ని నిలుచును? మొదటి పుట స్తోత్రము. రెండవ పుటలో పండ్రెండు కోరికలు. ఏది ముందో ఏది వెనుకో తెలియదు. ఏ చట్టములోని ఏ సెక్షను ప్రకారము ఎవరికి అధికారమున్నదో ఉండదు. ఇరువదిమంది ఢిల్లీకి పోవుదురు. శాలువా, బందరు లడ్డు పెట్టె, ఛాయాచిత్రము. పరిశీలింతుమని మంత్రిగారు సెలవిత్తురు. ఆ కాగితము తరువాత ఏ అధికారి బల్లపైకి పోయినదో నెల గడచిన పిదప విచారించినవారెవరు?

పాండవోద్యోగ విజయములలో రాయబారపు పద్యములను మన డెల్టావారు తెల్లవార్లు కూర్చుండి విని, చాలక మరల పాడించుకొన్నారు. పద్యమునకు మోహపడిన మనము, ఆ రాయబారి సభకు వచ్చునాటికి ధృతరాష్ట్రుని మనస్సేదో, కర్ణుని మర్మమేదో, ఐదూళ్లతో సంధి కుదురునా లేదా యన్నదేదో ముందే ఎరిగి వచ్చినాడను సంగతి మరచితిమి.

ఈ విద్య మన గడ్డకు పరాయిది కాదు. ఆనకట్టల నాటికే పోవుదము. 1844–45లో కాటను దొర గోదావరి మండలమును గూర్చి వ్రాసిన నివేదికలు కరుణ పుట్టింపవలెనని వ్రాసినవి కావు. తంజావూరు మండలమునకు నీటి వసతి వలన కుంపిణీకి ఎంత శిస్తు వచ్చుచున్నదో, నీరు లేని రాజమహేంద్రవర మండలమునకు ఎంత పడిపోయినదో పక్కపక్కన పెట్టి చూపినాడు. కుంపిణీవారికి తెలిసిన భాష శిస్తు భాష. ఆయన ఆ భాషలో మాటలాడినాడు. గోదావరి ఆనకట్ట లేచినది. దాని వెంట 1852లో బెజవాడ యొద్ద కృష్ణ ఆనకట్ట మొదలై 1855 నాటికి పూర్తియైనది. నేడు బందరు కాలువ గట్టున నిలిచి చూచు పచ్చదనమంతయు ఆ కాగితముల వెనుక వచ్చినది.

స్వాతంత్ర్యము వచ్చిన పిదప దీనిని మించిన ఘట్టము నందికొండ. అప్పటి మద్రాసు ప్రభుత్వము కృష్ణా–పెన్నారు పథకమును తలపెట్టి కృష్ణాజలములను దక్షిణమునకు మరలింప జూచినప్పుడు మన జిల్లాలలో గొప్ప కలవరము పుట్టినది. ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ గారు సభలతో సరిపుచ్చుకొనలేదు. కృష్ణా రైతుల సంఘము నెలకొల్పిరి. అనుభవజ్ఞులైన ఇంజనీర్లను రప్పించి నందికొండ యొద్ద చోటు పరీక్షింపజేసి లెక్కలు కట్టించిరి. ఢిల్లీలో ఆ లెక్కలను చదువగలవారి చేతిలో పెట్టిరి. కేంద్రము నియమించిన ఖోస్లా సంఘము 1952లో వచ్చినది. నందికొండకు మోటారు పోవు బాట లేదను చిక్కు వచ్చినది. అటువంటి చిక్కులు తమంత తామే పుట్టవని లోకమెరుగును. రాజావారు గ్రామస్థులను కూడగట్టి బాట బాగు చేయించిరి. సంఘమువారు చోటును కన్నులార చూచిరి, మెచ్చిరి. 1955 డిసెంబరు 10న నెహ్రూ పండితుడు నాగార్జునసాగరమునకు పునాదిరాయి వేసిరి. లెక్క ఎంత గట్టిదైనను, తీర్పరి కారు గుండ్రాళ్లలో ఆగిపోయిన కథ అక్కడితో సరి. ఆ సంగతి ఏ గ్రంథములోను దొరకదు. పని చేయువానికే తట్టును.

అదే తరమున కంకిపాడులో పుట్టిన డాక్టరు కానూరి లక్ష్మణరావు గారు కలరు. వారు కేంద్ర జలవిద్యుత్ సంఘములో పని చేసి, అక్కడి దస్త్రముల నడక ఎరిగి, 1962లో విజయవాడ నుండి లోక్‌సభకు పోయి, కేంద్ర నీటిపారుదల మంత్రియైరి. తమ ఆత్మకథకు ‘ది క్యూసెక్స్ కాండిడేట్’ అని పేరు పెట్టుకొన్నారు. నీటిని క్యూసెక్కులలో కొలిచి మాటలాడగల మనుష్యుడు సభలో మన పక్షమున నుండుట ఎంత బలమో ఆ కాలపు రైతులెరుగుదురు.

అయితే కాగితమే సర్వము సాధించునని మేమనుట లేదు. ఆంధ్ర రాష్ట్ర చరిత్రయే అందుకు సాక్షి. 1913లో బాపట్లలో తొలి ఆంధ్ర మహాసభ జరిగినది. 1918లో బి. ఎన్. శర్మ గారు చక్రవర్తి శాసనసభలో భాషారాష్ట్రముల తీర్మానము పెట్టిరి, ఓడినది. 1927లో వేమవరపు రామదాసు పంతులు గారు రాజ్యాంగ పరిషత్తు పుట్టుకకు చాల ముందే కేంద్ర శాసనమండలిలో మరల ఆ మాట ఎత్తిరి. బందరు వైద్యులు పట్టాభి సీతారామయ్య గారు కాంగ్రెసులో పట్టుబట్టి 1917లో ఆంధ్రమునకు ప్రత్యేక కాంగ్రెసు మండలమును ఒప్పించినవారిలో ముఖ్యులు. నలువదియేండ్ల వాదము దస్త్రములో పేరుకొన్నది. తుదకు 1952 డిసెంబరులో పొట్టి శ్రీరాములు గారి ప్రాణము పోయినగాని గడియ తీయబడలేదు. కాని ఆ నలువదియేండ్ల వాదము సిద్ధముగ లేకుండినచో ఆ మహాత్యాగము వెనువెంటనే రాష్ట్రముగా రూపు దాల్చెడిదా? 1953 అక్టోబరు 1 నాటికి రాష్ట్రమేర్పడుటకు కావలసిన సరకంతయు ముందే సమకూడియున్నది. త్యాగము తలుపు తీసినది. లోనికి తీసికొనిపోవలసిన సామాను వాదించినవారు సిద్ధపరచి యుంచిరి.

ఇక నేటి సంగతి. నేడు మన బ్రతుకును తీర్చునవి ఢిల్లీలో, చెన్నపట్టణములో, వెలగపూడిలో వ్రాయబడుచున్నవి. గుడివాడ పొరుగుననున్న కొల్లేటి మాట చూడుడు. 1999లో అది అభయారణ్యముగ ప్రకటింపబడినది. 2006లో చెరువులు పగులగొట్టబడినవి. ఐదవ కాంటూరు నుండి మూడవ కాంటూరునకు హద్దు తగ్గింపవలెనని 2008లో రాష్ట్ర శాసనసభ ఏకగ్రీవముగ తీర్మానించినది. లంకలలో సంబరము జరిగినది. తీర్మానము వలన హద్దు కదలినదా? లేదు. ఏలన, వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము జాతీయ వన్యప్రాణి మండలి సిఫారసు లేనిదే అభయారణ్యపు హద్దును రాష్ట్రము మార్చజాలదు. హద్దు తగ్గింపవలెనా వలదా యన్నది వేరు ప్రశ్న. తగ్గించిన బుడమేరు నీరు ఎక్కడ నిలుచునో 2024 సెప్టెంబరులో నందివాడ మండలము చూచినది గనుక మా మట్టుకు మాకు సందేహములున్నవి. కాని తగ్గింపుమని కోరువారికైనను ఏ తలుపు తట్టవలెనో తెలిసియుండవలదా? తలుపు ఢిల్లీలో నుండగా మనము హైదరాబాదులో తట్టితిమి.

రొయ్య చెరువుల కథ ఇంకను బోధకరము. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరమున రొయ్య చెరువులను తొలగింపుమని తీర్పు చెప్పినది. ఆ వ్యాజ్యము తెచ్చినది ధనికుల సంఘము కాదు. తమిళనాడునకు చెందిన ఎస్. జగన్నాథన్ అను గాంధేయవాది. ఉప్పుపట్టిన పొలములను, చెడిపోయిన మంచినీటి బావులను నిపుణుల నివేదికలతో న్యాయస్థానము ముందుంచిరి. పిమ్మట చెరువులవారు కూడ ఊరకుండలేదు. 2005లో కోస్తా ఆక్వాకల్చరు అథారిటీ చట్టము వచ్చి చెరువులకు చట్టబద్ధమైన నిలుకడ కలిగినది. ఇరుపక్షములు విద్య నేర్చినవే. ఆ చట్టమునకు సవరణ 2023 ఏప్రిల్‌లో లోక్‌సభ ముందుకు వచ్చి ఆగస్టులో ఆమోదము పొందినది. జైలుశిక్ష పోయి జరిమానా వచ్చినది. చెరువులే కాక పిల్లల కేంద్రములు మొదలగునవి కూడ చట్టపు పరిధిలోనికి స్పష్టముగ చేరినవి. ఆ నాలుగు నెలలు బిల్లు అందరి యెదుట పడియున్నది. నాగాయలంక, కోడూరు, బంటుమిల్లి ప్రాంతములలో చెరువు గల రైతు కాని, చెరువు పక్కన వరి వేసి ఉప్పునీటికి కన్నీరు పెట్టుకొను రైతు కాని దానిని చదివిరా? చదివి రెండు వాక్యములు వ్రాసి పంపిరా?

చదువుటకు అది తెలుగున లేదనవచ్చును. ఆ మాట నిజము. 2020 మార్చిలో పర్యావరణ ప్రభావ మదింపు ముసాయిదా ఇంగ్లీషున, హిందీన మాత్రమే వెలువడినది. ఆ రెండు భాషలు చాలవని ఒకరు ఢిల్లీ హైకోర్టునకు పోగా, ఎనిమిదవ షెడ్యూలులోని భాషలన్నిటికి అనువదింపుమని జూన్ 30న ఉత్తరువైనది. అభిప్రాయములకు గడువు ఆగస్టు 11 వరకు పొడిగింపబడినది. అడిగిన చోట మార్గము తెరువబడుచున్నది. అడుగువారు అక్కడ నుండవలెను. శాసనమునకు ముందే ముసాయిదాను ప్రజల యెదుట కనీసము 30 దినములుంచవలెనని 2014లో కేంద్రమే విధానము చేసికొన్నది. అది అన్నివేళల పాటింపబడుట లేదు. పాటింపలేదని ఎత్తిచూపుటకు సైతము ఆ విధానమొకటి కలదని తెలిసినవాడు కావలెను.

అన్నిటికన్న బరువైనది నీరు. 1973లో బచావత్ న్యాయాధికరణము కృష్ణా డెల్టాకు 181.20 టీఎంసీలు రక్షించినది. 2004లో రెండవ న్యాయాధికరణము ఏర్పడినది. 2010లో తీర్పు, 2013లో మరల నివేదిక. 2014లో రాష్ట్రము రెండైన పిదప విచారణ మరల మొదలు. 2023 అక్టోబరులో దానికి క్రొత్త విచారణాంశములు చేర్చబడినవి. రెండు తరముల రైతుల ఆయుర్దాయము ఆ గదులలో గడచుచున్నది. వాదించు న్యాయవాదులు సమర్థులే కావచ్చును. కాని పులిగడ్డ దాటి దివిసీమ చివరి బోదెకు నీరు ఎన్నడు చేరునో, చేరకున్న ఉప్పు ఎంత పైకి పాకునో, మురుగుకాలువ పూడిన ఏడు నారుమడి ఏమగునో, అది ఎరిగినవాడు వారి ప్రక్కన కూర్చుండి కాగితమందించుచున్నాడా?

కూచిపూడిలో పుస్తకము చదివి నాట్యము నేర్చినవాడెవడు? పెడనలో అద్దకము ఉపన్యాసము విని పట్టువడినదా? గురువు ప్రక్కన నిలిచి చేయి కదిపినగాని రాని విద్యలవి. విజ్ఞాపన విద్య కూడ ఆ తెగకు చెందినదే. 1910లో కోపల్లె హనుమంతరావు గారును, ముట్నూరి కృష్ణారావు గారును, పట్టాభిగారును కలిసి ఈ పట్టణమున ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పినప్పుడు మగ్గము, కొలిమి, కుంచె చేత పట్టించి చదువు చెప్పవలెనని తలచిరి. మహారాష్ట్రమున రానడే గోఖలేను తీర్చిన తీరును అదియే. అంకెలు సేకరింపుమనుట, మహజరు వ్రాయుమనుట, వ్రాసినదానిని కొట్టివేసి మరల వ్రాయించుట. 1897లో లండనులో వెల్బీ సంఘము యెదుట గోఖలే సాక్ష్యమిచ్చునాటికి ఆయన వెనుక జి. వి. జోషి గారు కూర్చిన అంకెలుండెను. ఆ సాక్ష్యము నేటికిని చదువదగినది.

ఇప్పుడు ఢిల్లీలో ఇందుకు ఏర్పాటు లేకపోలేదు. పీఆర్ఎస్ అను పరిశోధన సంస్థ 2010 నుండి యువ పట్టభద్రులను ఎంపిక చేసి ఒక్కొక్కరిని ఒక్కొక్క పార్లమెంటు సభ్యుని యొద్ద పనిలో పెట్టుచున్నది. వర్షాకాల సమావేశము మొదలు బడ్జెటు సమావేశము వరకు వారచ్చటనే యుందురు. సభ్యునికి ప్రశ్నలు వ్రాసియిత్తురు. లోక్‌సభలో దినమునకు 20 ప్రశ్నలకు మాత్రమే నోటిమాటగా సమాధానము, 230 ప్రశ్నలకు వ్రాతపూర్వకముగ సమాధానము. చీటీలలో పేరు రావలెను. పదునైదు దినములు ముందు నోటీసు అందవలెను. ఇది తెలియని సభ్యుని ప్రశ్న చెత్తబుట్టకు పోవును. తెలిసిన సహాయకుడు ఒక్క ప్రశ్నతో ఒక శాఖచేత అంకెలు కక్కించును. ఆ అంకెలతో మరునాడు స్థాయీసంఘమునకు వ్రాయించును. బిల్లులు స్థాయీసంఘములకు పోవుట తగ్గిపోయిన మాట కూడ మరువరాదు. పదునైదవ లోక్‌సభ కాలమున నూటికి 71 బిల్లులు సంఘములకు పంపబడగా పదునేడవ లోక్‌సభ కాలమున 16 మాత్రమే పంపబడినవి. తలుపులు తగ్గినకొలది, తెరచియున్న తలుపేదో ఎరుగుట మరింత అవసరము.

మన డెల్టా నుండి ఢిల్లీకి పోవు పిల్లలు కొద్దిమంది కారు. వారు పోవునది సివిల్ సర్వీసు పరీక్షల శిక్షణాలయములకు. కలెక్టరు కావలెనని కోరుటలో తప్పు లేదు. కాని కలెక్టరుకు అర్జీ ఎట్లు పెట్టవలెనో తెలిసినవాడు ఒక్కడైన ఊరికి కావలదా?

మా సూచన పెద్దది కాదు. కృష్ణా విశ్వవిద్యాలయము, నోబుల్ కళాశాల, హిందూ కళాశాల, గుడివాడలోని అక్కినేని నాగేశ్వరరావు కళాశాల కలిసి ఒక నిధి నేర్పరుపవలెను. ఏటేటా ముగ్గురు: ఒకరు బందరు నుండి, ఒకరు గుడివాడ నుండి, ఒకరు దివిసీమ నుండి. ముగ్గురిలో ఒకరైనను ఆడపిల్ల కావలెను. మొదటి మూడు నెలలు వెలగపూడిలో, శాసనసభ వాకిట. ఇంటికి పూటలో వచ్చిపోవచ్చును. తరువాత ఏడెనిమిది నెలలు ఢిల్లీలో. పోవునప్పుడు ప్రతివారు ఇచ్చటి సమస్య నొక్కదానిని వెంట తీసికొనిపోవలెను. ఒకరికి మురుగుకాలువలు, ఒకరికి చెరువుల ఉప్పు, ఒకరికి తుపాను ఆశ్రయములు. తిరిగి వచ్చి రెండేండ్లు ఇచ్చటనే పని చేయవలెను. తిరిగి రారనువారికి మా సమాధానమొక్కటే: అమెరికాకు పంపినవారు తిరిగి వచ్చుచున్నారా? అయినను పంపుట మానినామా? పార్టీల పాలగుదురనుట మాత్రము నిజమైన భయము. అందుచేత నిధిపై ఏ ఎన్నికైన నాయకుని పెత్తనమును ఉండరాదు.

భూస్వాములైన మా పాఠకులకు రుచింపని మాట ఒకటి చెప్పక తప్పదు. ఈ ముగ్గురు భూమి గలవారి పక్షమున మాత్రమే మాటలాడుటకు పోవుట లేదు. నేడు మన పొలములను దున్నుచున్నది చాలవరకు కౌలుదారులు. పంట సాగుదారు హక్కుల చట్టము 2019లో వచ్చినది. యజమాని సంతకము లేక కౌలుదారునకు కార్డు రాదు. సంతకము పెట్టుటకు జంకువారు మనలోనే కలరు. 1977 నవంబరు 19 రాత్రి ఉప్పెన దివిసీమను ముంచినప్పుడు సుమారు 10,000 మంది ప్రాణములు కోల్పోయిరి. గుడిసెలవారే, కూలివారే, జాలరులే అందు పెక్కుమంది. 1864 నవంబరు 1 నాటి ఉప్పెనలో బందరున సుమారు 30,000 మంది పోయినప్పుడును అంతే. 1977 తరువాత తుపాను ఆశ్రయములు లేచినవి, బందరులో రాడారు వచ్చినది, హెచ్చరికలు మారినవి. మండలి వెంకటకృష్ణారావు గారి వంటివారు ఆ శవముల మధ్య తిరిగి, చూచినదానిని ప్రభుత్వమునకు వినిపించుటయు అందుకు తోడ్పడినది. అంతటి విపత్తు సంభవించిన పిమ్మట గాని మనమాట ఢిల్లీకి వినబడలేదు. ఈ మారు విపత్తునకు ముందే వినబడవలెనన్న, మడ అడవుల ప్రక్కన వల వేయువాని మాటను కూడ మన పిల్లలు మోసికొనిపోవలెను. డబ్బిచ్చువారికి ఇది ఇష్టము కాకున్న ఆ నిధి లేకుండుటయే మేలు.

ఖర్చునకు వెరవనక్కరలేదు. 1923లో పట్టాభిగారు ఆంధ్రా బ్యాంకును ఈ పట్టణముననే స్థాపించినప్పుడు వాటాలు కొన్నవారు ఈ డెల్టా రైతులే. 2020లో ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసి పేరు మాసినది. ఆ సంగతి ఢిల్లీలో నిర్ణయమగునప్పుడు మనము పత్రికలో చదివి తెలిసికొంటిమి. 2025 ఆగస్టులో అమెరికా మన సరకుపై సుంకమును 50 శాతమునకు పెంచినప్పుడు రొయ్యరైతులు పరుగెత్తి ఢిల్లీ చేరవలసి వచ్చినది. అక్కడ మనకు ముందే కూర్చుండియున్న మనిషి ఒక్కడును లేడు. ముగ్గురు పిల్లల ఏడాది ఖర్చు గుడివాడ కల్యాణమండపములో జరుగు ఒక పెద్దింటి పెండ్లి ఖర్చును మించదు.

విద్యాసంవత్సరము మొదలగుటకు ముందే విశ్వవిద్యాలయమువారు రుద్రవరములో ఒక సభ పిలిచిన చాలును. వచ్చు పెద్దలు శాలువాలు తేనక్కరలేదు. చెక్కుపుస్తకములును, తమ తమ ఊళ్ల మురుగుకాలువల పటములును తెచ్చిన బాగుండును.